లక్ష సీట్లు కట్టిన్రు.. జనం ఎటు వోయిన్రు?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గ్యాలరీలు ఎందుకు పల్చబడ్డయో లెక్క చూద్దాం

ప్రపంచంల లక్షమంది కూసునే స్టేడియాలు ఎన్నున్నయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అండ్ల ఎక్కువ ఏ దేశపు జాతీయ జట్టువీ కావు, అమెరికాల యూనివర్సిటీలవి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంల 1,07,601 సీట్లు. పెన్సిల్వేనియా స్టేట్, ఒహాయో స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెనెసీ, లూసియానా స్టేట్, అలబామా.. ఇవన్నీ లక్ష దాటినయే. చదువుకునే పిల్లలు ఆడే ఆటకు ఇంత పెద్ద గద్దెలు కట్టిన దేశం ఇంకోటి లేదు.

గసొంటి ఆటకే జనం తగ్గిన్రు. 2008ల పెద్ద డివిజన్ ఆటలకు సగటున ఒక్కో మ్యాచ్‌కు దాదాపు 47 వేల మంది వచ్చిన్రు. 2018 వచ్చేసరికి అది 41,856కు పడ్డది. 1996 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. 2017ల ఒక్క ఏడాదిలనే మ్యాచ్‌కు 1,400 మంది తగ్గిన్రు. 34 ఏండ్లల్ల అదే పెద్ద దెబ్బ. కరోనా తర్వాత కొంత లేసింది గని, 2008 నాటి ఎత్తు మల్ల కనవడలే.

నేను ఇంటర్ కాడనే చదువు ఆపినోన్ని. అమెరికా పోలే. ఆట మైదానాలు, ప్రజల పైసలు, పిల్లల ఫీజులు.. ఈ మూడూ కలిసిన కాడ ఏమైతదో చూసుడు నాకు అలవాటు. అందుకే ఈ కథ పట్టుకున్న. మన పల్లెల నుంచి పోయిన పిల్లలు గూడ ఆ యూనివర్సిటీలకు ఫీజులు కడుతున్నరు కాబట్టి ఇది మనకు సంబంధం లేని ముచ్చట కాదు.

ముందుగాల ఆట సంగతి

ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. మన ఆటను వాళ్లు సాకర్ అంటరు. వాళ్లది కోలబంతి ఆట. దిక్కుకు 11 మంది. నాలుగు ప్రయత్నాలల్ల బంతిని పది గజాలు ముందుకు తీస్కపోవాలె. తీస్కపోతే మల్ల నాలుగు ప్రయత్నాలు దొరుకుతయి, లేకుంటే బంతి అవతలోళ్లకు పోతది. 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల నడుమ మొదటి మ్యాచ్ జరిగిందని చెప్తరు. అప్పుడు చూసెతందుకు వచ్చింది వంద మంది అటు ఇటు.

ఆగస్టు ఆఖరు నుంచి డిసెంబర్ మొదటి దాకా సీజన్. ఒక్కో జట్టుకు 12 మ్యాచ్‌లు, అండ్ల ఆరేడు సొంత గడ్డ మీద. ఎక్కువ శాతం శనివారాలే. పొద్దుగాల్నే బండ్లు కట్టుకొని పార్కింగ్ జాగల దిగుతరు. డిక్కీ తెరిచి పొయ్యి పెట్టి మాంసం కాలుస్తరు, పక్కోళ్లకు పెడతరు. దీన్ని టెయిల్‌గేటింగ్ అంటరు. మన జాతరకు పోయి చెట్ల కింద వండుకున్నట్టే అనుకోండ్రి. తాత చూసిన సీట్ల మనుమడు కూసుంటడు. సీజన్ టికెట్ ఇంటి ఆస్తి లెక్క తరాలు మారుతది. అటువంటి అలవాటు తెగుతున్నదంటే ఊకెనే తెగది.

లెక్కలల్ల ఉన్న కిరికిరి

తగ్గినయని చెప్పే అంకెలు గూడ పూరా నిజం కావు. నిజం ఇంకా చేదు.

యూనివర్సిటీలు ప్రకటించే హాజరు అంటే చానాసార్లు అమ్మిన, పంచిన టికెట్ల లెక్క. గేటు కాడ స్కాన్ అయిన టికెట్ల లెక్క వేరే ఉంటది. 2018ల వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ఆ గేటు లెక్కలు బయటికి తీసింది. ప్రకటించిన హాజరుల సగటున 71 శాతమే గేటు దాటి లోపలికి వచ్చిన్రని తేలింది. అంటే వందమంది వచ్చిన్రని రాస్తే వచ్చింది 71 మంది. హాజరు పట్టీల పేరుంటది గని బెంచీ మీద పిలగాడు ఉండడు, అసొంటిదే ఇది.

ఈ కిరికిరికి ఒక రూల్ గూడ కారణం. పెద్ద డివిజన్ల ఉండాలంటే సగటున 15 వేల హాజరు చూపెట్టాలని కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ చానా ఏండ్లు షరతు పెట్టింది. చిన్న యూనివర్సిటీలకు అది మోయలేని బరువు. టికెట్లను చిల్లర ధరకు స్పాన్సర్లతోని కొనిపిచ్చి లెక్క నింపుకునుడు అలవాటయింది. ఆ షరతును ఈ మధ్యనే తీసేసిన్రు.

ఇంకో మాట గూడ న్యాయంగ చెప్పాలె. సగటు తగ్గుడుల కొంత భాగం కొత్త జట్లది. 2008ల పెద్ద డివిజన్ల 120 జట్లు ఉండె, 2024కు 134 అయినయి. కొత్తగ వచ్చినయి ఎక్కువగ చిన్నవి, వాటి స్టేడియాలు గూడ చిన్నవే. సగటు దిగుతది. అట్లని మొత్తం దాని మీదికే తోసెయ్యరాదు. పేరున్న జట్ల గ్యాలరీలల్ల గూడ, ముఖ్యంగ విద్యార్థుల బ్లాకులల్ల, ఖాళీలు కనవడ్డయి. 2009 నుంచి 2013 నడుమ పెద్ద యూనివర్సిటీలల్ల విద్యార్థుల హాజరు 7 శాతం పైన తగ్గిందని అదే పత్రిక 2014ల రాసింది.

టీవీ తీస్కపోయిన ఆట

అసలు కారణం కాడికి వద్దాం. 1950లల్ల టీవీ కొత్తగ వచ్చినప్పుడే ఎన్‌సీఏఏ భయపడ్డది. ఇంట్ల చూపిస్తే గేటు కాడికి ఎవలొస్తరు? అందుకే వారానికి ఎన్ని మ్యాచ్‌లు చూపియ్యాలె, ఏ జట్టును ఎన్నిసార్లు చూపియ్యాలె అని కట్టడి పెట్టింది. ముప్ఫై ఏండ్లు అదే నడిచింది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు ఇది మా హక్కుకు అడ్డమని కోర్టుకు వోయినయి. 1984ల అమెరికా సుప్రీంకోర్టు 7-2 తోని ఎన్‌సీఏఏ కట్టడిని కొట్టేసింది.

గా తీర్పుతోని కట్ట తెగింది. ఎవల మ్యాచ్ వాళ్లు అమ్ముకోవచ్చు. చానళ్లు పెరిగినయి, పైసలు పెరిగినయి. 2022ల బిగ్ టెన్ అనే కూటమి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతోని ఏడేండ్లకు 700 కోట్ల డాలర్ల పైన ఒప్పందం చేసుకున్నది. ఇప్పుడు పెద్ద జట్టు ఏ మ్యాచ్ ఆడినా ఏదో ఒక తెర మీద దొరుకుతది.

ఇంతల పైసలు పెట్టినోడు ఊకుంటడా? ఆట ఎప్పుడు మొదలు కావాల్నో టీవీ కంపెనీ చెప్తది. చానా మ్యాచ్‌ల టైమ్ 12 రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు మాత్రమే తెలుస్తది. మూడొందల మైళ్ల అవతల నుంచి పిల్లలను తీసుకొని వచ్చే కుటుంబం ఆరు రోజులల్ల సెలవు, హోటల్, బండి ఎట్ల సర్దుకుంటది? పడమటి తీరంల తూర్పోళ్ల టీవీ కోసం రాత్రి ఏడున్నరకు మొదలు పెడితే అర్ధరాత్రి దగ్గరికి అయిపోతది. ఇగ ఇల్లు చేరేదెప్పుడు?

గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలే. అయినా మ్యాచ్ ఒడిసేసరికి మూడు గంటల ఇరవై నిమిషాలు దాటుడు మామూలైంది. ప్రకటనల కోసం ఆట ఆపుతరు. టీవీ చూసేటోడు ఆ సందుల వంటింట్లకు వోయి వస్తడు, ఇంకో మ్యాచ్ తిప్పుతడు. గ్యాలరీల ఉన్నోడు ఎండల ఊకెనే నిలవడ్డ 22 మందిని చూసుకుంట కూసుంటడు. 2023ల గడియారం రూల్ జర మార్చిన్రు. ఇదివరకు కొత్తగ నాలుగు ప్రయత్నాలు దొరికినప్పుడల్లా గడియారం ఆగేది. ఇప్పుడు ఒక్కో సగంల చివరి రెండు నిమిషాలల్లనే ఆగుతది. మరి ప్రకటనలు తగ్గియ్యరాదా? ఆ మాట ఎవరూ ఎత్తలే.

అన్నిటికన్నా పెద్ద గాయం కూటముల మార్పు. టీవీ పైసల కోసం కాలిఫోర్నియాల ఉన్న యూసీఎల్‌ఏ 2024ల బిగ్ టెన్‌లకు వోయింది. అదే కూటమిల రట్గర్స్ ఉన్నది న్యూజెర్సీల, సుమారు నాలుగు వేల కిలోమీటర్ల అవతల. 1915ల పుట్టిన పసిఫిక్ కూటమిల 12 జట్లకు పది వెళ్లిపోయినయి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్లు నూరేండ్లకు పైగ తలవడ్డయి. 2023 తర్వాత ఆ మ్యాచ్ ఆగిపోయింది. పక్క ఊరితోని పోటీ ఉంటేనే గదా గొంతు చించుకొని అరిచేది.

సీటు ధర, నీళ్ల ధర

టికెట్ మీద రాసిన ధర సగమే. మంచి సీటు కావాలంటే ముందుగాల యూనివర్సిటీ ఆటల నిధికి "విరాళం" ఇయ్యాలె. ఆ విరాళంల 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండె. 2017 పన్ను చట్టం దాన్ని తీసేసింది. దాంతోని పాత టికెట్‌దార్లకు మోత పెరిగింది. దానికి పార్కింగ్ కలుపు, తిండి కలుపు, చల్ల సీసా కలుపు. నలుగురున్న ఇంటికి ఒక్క శనివారం అంటే నెల ఖర్చుల పెద్ద పొక్క.

ఇగ వసతులు. లక్షమందిని ఎక్కించిన చోట చానా మట్టుకు వీపుకు ఆనుకునే కుర్చీ ఉండదు, అల్యూమినియం బెంచీలే. ఒక్క మనిషికి జానెడు జాగ. మరుగుదొడ్ల కాడ బారులు. ఫోన్ సిగ్నల్ దొరకదు. ఇంట్ల పెద్ద తెర, ఏసీ, నడిచిన ముక్క మల్ల మల్ల చూపిచ్చుడు. పోటీ ఇక్కడనే వోయింది.

నీళ్ల సంగతి వింటే మీకు మంటలేస్తది. 2007 సెప్టెంబర్ 15న సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ కొత్త స్టేడియం తెరిచింది. ఫ్లోరిడా ఎండ. స్టేడియంల తాగే నీళ్ల నల్లా ఒక్కటి గూడ పెట్టలే. సీసా నీళ్లు కొనుక్కోవాల్నన్నరు. ఆ సీసాలు గూడ మ్యాచ్ నడుమల్నే అయిపోయినయి. పదుల మందికి ఎండదెబ్బ తగిలింది, కొంతమందిని దవాఖానకు మోసుకపోయిన్రు. లొల్లి అయినంక పదుల సంఖ్యల నల్లాలు పెట్టిన్రు. నల్లా మర్చిపోయిన్రనుకుందామా? సీసా అమ్మాలంటే నల్లా ఉండొద్దు, గంతే.

2022ల యూసీఎల్‌ఏ మొదటి మ్యాచ్ ఇంకో పాఠం. రోజ్ బౌల్ స్టేడియంల 90 వేలకు దగ్గర సీట్లు. వచ్చిందని ప్రకటించింది 27,143 మంది. 1982ల ఆ జట్టు అక్కడికి మారినప్పటి నుంచి అంత తక్కువ లేదు. కారణాలు కండ్ల ముందటనే ఉన్నయి. స్టేడియం యూనివర్సిటీకి 40 కిలోమీటర్ల దూరం, పగటి పూట మండే ఎండ, ఇంకా క్లాసులే మొదలు కాలే కాబట్టి విద్యార్థులు క్యాంపస్‌ల లేరు.

విద్యార్థులు తిరగవడ్డ కథ

నాకు ఈ మొత్తం కథల నచ్చిన భాగం మిషిగన్‌ది. 2014ల అక్కడ విద్యార్థికి సీజన్ టికెట్ 295 డాలర్లు. ఆటల విభాగం అధిపతి డేవ్ బ్రాండన్, అంతకు ముందు డామినోస్ పిజ్జా కంపెనీకి పెద్ద సారు. స్టేడియాన్ని పిజ్జా దుకాణం లెక్క నడుపుతున్నడని పిల్లలకు కోపం. టికెట్లు మిగిలితే రెండు కోకకోలాలు కొన్నోళ్లకు రెండు టికెట్లు అనే స్కీమ్ బయటికొచ్చింది. నిండా ధర పెట్టి కొన్న విద్యార్థికి అది చెంపదెబ్బ లెక్క తాకింది. అదే నెలల తలకు దెబ్బ తాకిన ఆటగాన్ని మల్ల మైదానంలకు పంపిన్రు. అది చూసి ఇంకా మండింది.

వేల సంతకాలు పెట్టిన్రు. క్యాంపస్ నడుమ జమైన్రు. అక్కడికెళ్లి యూనివర్సిటీ అధ్యక్షుని ఇంటి దాకా నడిచిన్రు. 2014 అక్టోబర్ 31న బ్రాండన్ రాజీనామా చేసిండు. తర్వాతి సీజన్‌కు విద్యార్థి టికెట్ 175 డాలర్లకు దిగింది. సంతకం, ర్యాలీ, నిలవడుడు.. ఇవి అమెరికాల గూడ పనిచేస్తయి.

అలబామా ఇంకో తొవ్వ పట్టింది. అప్పట్ల జట్టు ఎప్పుడూ గెలుస్తనే ఉండె. సగం ఆటకే ఫలితం తేలిపోయేది, పిల్లలు లేసి పోయేటోళ్లు. కోచ్ నిక్ సేబన్ దీని మీద బహిరంగంగనే అలిగిండు. 2019ల ఒక యాప్ తెచ్చిన్రు. ఫోన్ ఎక్కడున్నదో అది కనిపెడతది. వస్తే 100 పాయింట్లు, నాలుగో భాగం దాకా ఉంటే ఇంకో 250. పాయింట్లు ఎక్కువుంటే పెద్ద మ్యాచ్‌ల టికెట్లకు ముందు వరుస. ఎందుకు పోతున్నరని అడుగకుంట, ఎప్పుడు పోతున్నరో ఫోన్‌తోని కనిపెట్టుడు వైద్యం కాదు, కాపలా.

ఇప్పుడేం చేస్తున్నరు

కొన్ని యూనివర్సిటీలు సీట్లనే తగ్గిస్తున్నయి. స్టాన్‌ఫర్డ్ 2006లనే 85 వేల సీట్ల స్టేడియం కూలగొట్టి 50 వేలది కట్టింది. అరిజోనా స్టేట్ 70 వేల పైన ఉన్నదాన్ని 54 వేలకు లోపటికి తెచ్చింది. నార్త్‌వెస్టర్న్ 47 వేల స్టేడియం జాగల 35 వేలది కట్టే పని పెట్టుకున్నది. సీట్లు తగ్గిస్తే ఖాళీ కనవడది, ధర గూడ పెంచొచ్చు. తీసేసేది మామూలోళ్ల బెంచీలు, పెట్టేది ధనవంతుల గదులు. ఆగ్నేయ రాష్ట్రాల కూటమి 2019ల స్టేడియమంతా బీరు అమ్మెతందుకు ఒప్పుకున్నది. ఆమ్దానీ పెరిగింది.

ఆటగాళ్లకు పైసలియ్యాలనే కొట్లాట గూడ ఇండ్ల కలిసింది. 2021 నుంచి వాళ్ల పేరు, బొమ్మ మీద సంపాయించుకునే హక్కు వచ్చింది. 2025ల కోర్టు ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా ఇయ్యొచ్చు. ఇది న్యాయమే, ఎప్పుడో కావాల్సింది. టెనెసీ యూనివర్సిటీ ఏం చేసింది? 2025 సీజన్ టికెట్ల మీద "ప్రతిభ రుసుము" అని 10 శాతం వేసింది. చెమట చిందించినోనికి ఇచ్చే రూపాయి గ్యాలరీల ఉన్నోని జేబుల నుంచే రావాల్నా? టెక్సస్ ఏ అండ్ ఎం 2023ల తన కోచ్‌ను తీసేసుడుకు 7.6 కోట్ల డాలర్ల దాకా ఒప్పుకున్నది. పని చెయ్యకుంట ఇంటి కాడ ఉండెతందుకు! పైసలు లేవనేటోళ్లు గీ లెక్క చెప్పాలె.

నిండుతున్న చోట్ల ఏమున్నది?

జనం ఆటను వదిలేసిన్రని నేను నమ్మ. నెబ్రాస్కాల 1962 నుంచి ప్రతి మ్యాచ్‌కు టికెట్లు ఖతమైతయి. జట్టు ఏండ్ల కొద్ది ఓడినా ఊరు వదల్లే. అదే స్టేడియంల 2023 ఆగస్టు 30న ఆడపిల్లల వాలీబాల్ పెట్టిన్రు. 92,003 మంది వచ్చిన్రు! ఆడోళ్ల ఆటకు అమెరికాల అదే రికార్డు. పిల్లలకు ధర తక్కువ పెట్టిన్రు, రాష్ట్రమంతా పండుగ చేసిన్రు.

నల్లజాతి ప్రజల చారిత్రక కాలేజీల ముచ్చట ఇంకా బాగుంటది. గ్రాంబ్లింగ్, సదరన్ యూనివర్సిటీలు 1974 నుంచి న్యూ ఆర్లియన్స్‌ల దాదాపు ఏటా తలవడతయి. అక్కడ విరామంల జనం లేసి పోరు. రెండు కాలేజీల బ్యాండ్ల పోటీ ఉంటది. డప్పు, బూర, అడుగు కలిసిన ఆ పోటీ కోసమే వచ్చేటోళ్లు ఉన్నరు. తెర మీద దొరకంది అక్కడ దొరుకుతది, అందుకే వస్తరు.

మన పిల్లలకు ఇండ్ల ఏమున్నది?

అమెరికాల చానా ప్రభుత్వ యూనివర్సిటీల ఆటల విభాగాలు సొంత ఆమ్దానీతోని బతకయి. విద్యార్థుల ఫీజు బిల్లుల ఆటల రుసుము అని ఒక వరుస ఉంటది. కొన్ని చోట్ల అది ఏడాదికి వెయ్యి డాలర్లు దాటుతది. భూమి కుదవ పెట్టి, బ్యాంకు అప్పు చేసి పోయిన మన పిలగాడు గూడ ఆ రూల్ కిందికి వస్తే కట్టాల్సిందే. అందుకే తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు ట్యూషన్ ఫీజు ఒక్కటే చూడకుండ్రి. రుసుముల పట్టీ మొత్తం తీసి చదువుండ్రి. ఆటల రుసుము ఎంత, మాస్టర్స్ చదివెటోళ్లకు గూడ ఉన్నదా అని మెయిల్ పెట్టి అడుగుండ్రి. మనోళ్లు బాగ పోయే డాలస్‌ల టెక్సస్ యూనివర్సిటీకి అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. జట్టు లేకుంట గూడ యూనివర్సిటీ నడుస్తదని దానితోనే తెలుస్తది.

రుసుము కట్టినంక మాత్రం ఊకుండకుండ్రి. కొన్ని చోట్ల ఐడీ కార్డు చూపిస్తే విద్యార్థికి టికెట్ వేరే పైసలు లేకుంటనే ఇస్తరు. అవి పైసల్లేని టికెట్లు కావు, ముందే కట్టినయి. ఒక్కసారన్న పోయి చూడుండ్రి. పోయేటప్పుడు సంచి లోపలిది కనవడేటట్టు ఉండాలె, లేకుంటే చాలా స్టేడియాలల్ల గేటు కాడనే ఆపుతరు. ఎండకు టోపీ పెట్టుకోండ్రి, ఖాళీ సీసా తీస్కపోనిస్తరా అని ముందే చూసుకోండ్రి.

నా దృష్టిల స్టేడియం నింపెతందుకు యాప్‌లు, బీరు, గదులు అక్కర లేదు. టికెట్ ధర మామూలోనికి అందాలె. ఆట టైమ్ నెల ముందే చెప్పాలె. తాగే నీళ్లు పైసల్లేకుంట దొరకాలె. గేటు దాటిన మనుషుల లెక్కనే బయట పెట్టాలె. విద్యార్థుల ఫీజుతోని నడిచే కాడ విద్యార్థులకు నిర్ణయంల భాగం ఉండాలె. రేపు మన జిల్లాల ఏ స్టేడియం కట్టినా, ఏ లీగ్ పెట్టినా మనం అడగాల్సినయి గూడ గీ ఐదే. రాసి పెట్టుకోండ్రి, శంకుస్థాపన నాడే అడుగుదాం.